గీత ఎంత ఎత్తుండింది

"దీన్ని ప్రాణంలా చూసుకో అమ్మా" అని చెప్పి కోవిల్‌పట్టి డాక్టరు ఆ కాగితాన్ని బొమ్మక్క చేతికిచ్చాడు. ఆ ఒక్క మాట అనకుండా ఊరికే ఇచ్చి ఉంటే ఏ గొడవా లేకపోయేది. జాగ్రత్త చెప్పని వస్తువు ఎలాగో బతుకుతుంది. మరీ గట్టిగా జాగ్రత్త చెబితేనే దానికి గండం.

రెండు వేల మూడో సంవత్సరం, మాసి నెల, శివరాత్రి రోజులు. పొద్దున్నే కళ్ళంలో మిరపకాయలు ఆరబోస్తూ బొమ్మక్క మొగుడు బాలసుబ్రమణియన్ గట్టు మీద కూలబడ్డాడు. రొమ్ము పట్టుకున్నాడు, చెమటతో బనియను తడిసిపోయింది. ఆయనకు యాభై అయిదేళ్ళు, అంతదాకా జ్వరమొచ్చినా మంచమెక్కిన మనిషి కాదు. తమ్ముడు సెల్వరాజ్ పరుగెత్తి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి ఆడవాళ్ళను తోలుకుపోయే పాండి వ్యానును దారిలోనే ఆపాడు. లోపలున్న పన్నెండు మందీ మారుమాట లేకుండా దిగి దారి పక్కన నిలబడ్డారు. ఏడున్నరకల్లా కోవిల్‌పట్టి ఆస్పత్రిలో బాలసుబ్రమణియన్‌కు ఈసీజీ తీయటం, గుండె రక్తనాళంలో గడ్డను కరిగించే మందు ఎక్కించటం మొదలుపెట్టటం కూడా అయిపోయాయి.

మందు ఒంట్లోకి దిగటానికి గంట పట్టింది. ఆ గంటలో డాక్టరు సెల్వరాజ్‌ను వరండాలోకి పిలిచి విషయం చెప్పాడు. "ఈ ఈసీజీలో గీత పైకి లేచి ఉంది చూడు, అదే గుండె దెబ్బ. గడ్డ కరిగితే ఆ ఎత్తు దిగుతుంది. మందు మొదలుపెట్టిన గంటన్నరకు ఇంకొకటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. సగానికి సగం దిగితే మీ అన్న గట్టెక్కుతాడని నమ్మొచ్చు. దిగకపోతే మదురై పోవాలి, అక్కడ సన్నటి గొట్టం పంపి రక్తనాళం తెరుస్తారు. కానీ ఈ గుండెతో అంత దూరం పోవటమూ ప్రమాదమే. నా దగ్గర రాత్రింబగళ్ళు గుండెను కనిపెట్టే యంత్రం లేదు. విరుదునగర్‌లో ఉంది, ముందు అక్కడికి పదండి. ఏం చేయాలో అక్కడి డాక్టరు చెబుతుంది."

సెల్వరాజ్ తల ఊపాడు. పదో తరగతి చదివినవాడు కదా, అర్థం కాలేదని ఎలా అంటాడు? లోపలికొచ్చాక బొమ్మక్క అడిగింది, "ఏమన్నాడు సెల్వరాజూ?"

"గీత చూస్తారంట వదినె. అంతే."

"గీతలో ఏం చూస్తారు?"

"అదంతా నీకెందుకు వదినె, డాక్టర్లు చూసుకుంటారు."

ఆ ఇంటి మగవాళ్ళకు ఇదొక జబ్బు. ఆడవాళ్ళకు సగమే చెబుతారు. ఆ మిగతా సగం తమకూ తెలియదని పైకి తేలనివ్వరు.

వ్యానులో సీట్లు పీకి పరుపు వేశారు. సెల్వరాజ్ సెలైన్ సీసా పట్టుకున్నాడు. నొప్పి తెలియకుండా పొడిచిన ఊసిమందు మత్తులో బాలసుబ్రమణియన్ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆయన పాదాల దగ్గర కూర్చుని బొమ్మక్క ఆ ఈసీజీ కాగితం విప్పింది. మూరెడు పొడుగున్న సన్నటి పట్టీ, నిండా చిన్న చిన్న ఎర్రటి గళ్ళు. వాటి మీద ఒకదాని తర్వాత ఒకటిగా పన్నెండు బొమ్మలు. కొన్నింటిలో గీత నిటారుగా లేచి, దిగుతూ దిగుతూ మధ్యలో పుట్టలా ఉబ్బింది. రెండింటిలో మాత్రం నడిమి అడ్డగీత కిందికి కుంగిపోయింది. అక్షరాలు సరిగా రాని మనిషి, ఏం చేస్తుంది? గళ్ళు లెక్కపెట్టింది. మూడో బొమ్మలో పుట్ట ఐదు గళ్ళ ఎత్తుంది. మళ్ళీ లెక్కపెట్టింది, ఐదే.

గీత చూస్తారంటే ఏం చూస్తారు? ఆమె తనకు తానే తేల్చుకుంది. సినిమాల్లో చూసిందే గదా, గీత కింద పడి నేలమట్టంగా సాగితే మనిషి పోయినట్టు, నర్సు ముసుగు కప్పుతుంది. అంటే పైకి లేచిందే ప్రాణం. పుట్ట ఎంత ఎత్తుంటే ఆయన అంత ఉన్నట్టు. ఆ కుంగిన రెండు బొమ్మలను మాత్రం వేళ్ళతో మూసింది. ఇప్పటికే రెండు చోట్ల పోయినాడే, మిగిలిందయినా నిలుస్తుందా?

సాత్తూరు దాటాక పాండి బండి ఆపాడు. అక్కడ ముత్తాలమ్మ గుడి. ఆ దారిన పోయే డ్రైవర్లు కర్పూరం వెలిగించకుండా ముందుకు పోరు, లోపల పెళ్ళికూతురున్నా సరే, రోగి ఉన్నా సరే. "ఒక్క నిమిషం అక్కా" అని అతను దిగాడు. అతని వెనకే బొమ్మక్క దిగింది. కాగితాన్ని పూజారి ఆండి పళ్ళెంలో పెట్టి దణ్ణం పెట్టుకుంది.

"తల్లీ, ఈ గీతలు దిగకూడదు. ఉండే ఎత్తులోనే ఉండాల. నీకు పట్టుచీర పెడతాను."

ఆండి కర్పూరం వెలిగించి కాగితం చుట్టూ, పైనా, దగ్గరదగ్గరగా మూడుసార్లు తిప్పాడు. వేడి తగిలిన మేరా కాగితం మీద నలుపు పాకింది. బొమ్మక్క ఉలిక్కిపడింది.

"హారతి నీడ పడిందమ్మా, మంచిదే" అన్నాడు ఆండి. పైగా పసుపునీళ్ళ వేలితో దాన్ని తుడిచి, విబూది చల్లి, మడిచి చేతికిచ్చాడు. మసి అయితే తుడిస్తే పోతుందిలెమ్మని ఆమె దాన్ని రవికెలో దోపుకుంది.

విరుదునగర్ ఆస్పత్రిలో డాక్టర్ జోతిలక్ష్మి వాకిట్లోనే ఎదురొచ్చింది. ముప్పయ్యయిదేళ్ళుంటాయి, చకచకా నడిచే మనిషి. బాలసుబ్రమణియన్‌ను లోపలికి తీసుకుపోయి, యంత్రానికి తగిలించి, కొత్త ఈసీజీ తీసింది. బయటికొచ్చి చెయ్యి చాచింది. మాటలన్నీ తమిళంలోనే. ఇంటి గడప దాటితే బొమ్మక్కకూ తమిళమే.

"పాతది ఇవ్వండి."

బొమ్మక్క రవికెలోంచి తీసి ఇచ్చింది. డాక్టరు మడత విప్పింది. లోపల అట్లపెనం అడుగులా నల్లగా ఉంది. గీతా లేదు, గళ్ళూ లేవు. విబూది జలజలా రాలింది.

"ఏమిటమ్మా ఇది?"

"ముత్తాలమ్మ దగ్గిర హారతి పట్టించినాను. ప్రాణంలా చూసుకోమన్నాడు గదా డాక్టరు..."

జోతిలక్ష్మి కోపం మింగుకుంది. "ఇది వేడి సూదితో రాసే కాగితం. సూది తగిలిన చోట నల్లబడుతుంది, అదే గీత. మొత్తం కాగితాన్ని వేడి చేస్తే మొత్తం నలుపే."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అట్లా అయింది. బొమ్మక్కకు తను చేసిందేమిటో తెలిసింది గానీ, దానివల్ల ఏం పోయిందో తెలియలేదు.

కోవిల్‌పట్టికి ఫోన్ చేశారు. ఆ డాక్టరు పెళ్ళికని తిరునెల్వేలి రైలెక్కాడట, సెల్లు పలకటం లేదు. ఫోనెత్తిన నర్సు తను ఈసీజీ చూడలేదంది, యంత్రంలో నకలేదీ మిగలదంది. ఆ డాక్టరు రోగితో పంపిన ఉత్తరంలో గుండె కింది గోడ దెబ్బతిన్నదని, మందు ఎన్నింటికి మొదలుపెట్టారని రాశాడు గానీ, గీత ఎత్తు రాయలేదు. కాగితమే వస్తుంటే ఎత్తు రాయటం ఎందుకనుకున్నాడు పాపం.

"మీ అన్న నొప్పి తగ్గిందంటున్నాడు. మత్తు ఊసి వేశారు కాబట్టి ఆ మాట నమ్మలేను" అని డాక్టరు సెల్వరాజ్ వైపు తిరిగింది. "మీరు చూశారా ఆ కాగితం?"

"సరిగా చూళ్ళేదు డాక్టర్. వదినె చూసింది, దారంతా అదే పని."

జోతిలక్ష్మి కొత్త పట్టీ తెచ్చి బొమ్మక్క ముందు పరిచింది. "ఈ మూడో బొమ్మ చూడండి. ఇక్కడ గీత పాతదాంట్లో ఎంత ఎత్తుండింది? బాగా ఆలోచించి చెప్పండి. మీ మాట మీదే అంతా ఉంది."

బొమ్మక్క చూసింది. పుట్ట లేదు. ఏదో చిన్న గడ్డలాంటిది, ఒకటిన్నర గడి. అంత ఎత్తున్నది ఇంతకు పడిపోయింది.

అయిపోయింది అనుకుంది. ఐదని చెబితే ఈ డాక్టరమ్మ పెదవి విరుస్తుంది. ఇంక లాభం లేదమ్మా, ఇంటికి తీసుకుపోండి అంటుంది. పోయిన ఏడు వీరమ్మాళ్ అత్తను అట్లాగే పంపలేదూ, ఊరి పొలిమేర చేరకముందే ప్రాణం పోలేదూ? తన నోటితో తనే ఆయనను ఇంటికి పంపుతుందా? పడలేదంటే వైద్యమయినా చేస్తారు. అబద్ధం ఆడటం ఆమెకు రాదు. ఒక్క అబద్ధానికి ఆయన ప్రాణం నిలుస్తుందంటే మాత్రం నాలుక దానంతటదే తిరిగింది.

"ఇంతే ఉండింది డాక్టరమ్మా. ఒకటిన్నరే. తేడా ఏమీ లేదు."

సంతోషిస్తుందనుకున్న డాక్టరు ముఖం వాడిపోయింది. "అయితే దిగలేదు" అంది నెమ్మదిగా. "మందు పని చేయలేదు. సెల్వరాజ్, బండి సిద్ధం చేయించండి. మదురై పోవాలి. దారిలో ఏదైనా జరగొచ్చు, ముందే చెబుతున్నాను. నేను ఉత్తరం రాసిస్తాను."

బొమ్మక్క ఆమె ముఖమూ సెల్వరాజ్ ముఖమూ మార్చి మార్చి చూసింది. తేడా లేదంటే ఏడుస్తారేమిటి వీళ్ళు? సెల్వరాజ్ నిజంగానే ఏడుస్తున్నాడు.

"ఏమిరా? దిగలేదంటే మంచిదే గదా?"

"దిగాల వదినె! సగానికి సగం దిగాలంట. దిగితేనే అన్న బతుకుతాడంట. కోవిల్‌పట్టి డాక్టరు చెప్పినాడు."

"దిగితే బతుకా? ఎట్లరా? సినిమాలో..."

"సినిమా గినిమా నాకు తెలీదు. దిగితే మంచిది, దిగకపోతే ముప్పు. అంతే చెప్పినాడు."

"ఆ మాట నాకు యానికి చెప్పలేదురా పాపిష్టోడా!"

"నాకే సరిగా అర్తం కాలే వదినె" అని సెల్వరాజ్ మొదటిసారి ఒప్పుకున్నాడు.

బొమ్మక్కకు లోకం తలకిందులయింది. లేచింది జబ్బు, దిగింది బతుకు. అంటే ముత్తాలమ్మను తను అడిగిందేమిటి? మొగుడి జబ్బు దిగకూడదనా? పట్టుచీర పెట్టి మరీ? ఇప్పుడు ఆ తల్లి తన మాట వింటే నష్టమా, వినకపోతే నష్టమా? ఆలోచన ముడిపడిపోయింది. అందులో ఒక్కటి మాత్రం గట్టిగా చేతికి తగిలింది. గీత ఐదు గళ్ళుండింది. ఇప్పుడు ఒకటిన్నర.

ఆమె డాక్టరు గదిలోకి అడగకుండానే చొరబడింది. "ఐదు గళ్ళు డాక్టరమ్మా! నేను అబద్ధం చెప్పినాను. ఐదు గళ్ళు ఉండింది."

జోతిలక్ష్మి కలం ఆపింది.

"ఇందాక ఒకటిన్నరన్నారు. దిగితే మంచిదని ఇప్పుడే మీ మరిది చెబుతుంటే నాకూ వినపడింది. వెంటనే మీరొచ్చి ఐదంటున్నారు. మీ చోట నేనున్నా ఐదనే అంటాను, పదనైనా అంటాను." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఏది నమ్మమంటారు? మీ మొదటి మాట నిజమైతే, మూసుకుపోయిన రక్తనాళంతో ఆయనను ఇక్కడ ఉంచుకుని నేనే చంపినట్టు. రెండోది నిజమైతే, కుదుటపడుతున్న గుండెను అనవసరంగా రోడ్డు మీద కుదిపినట్టు."

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఆ నిలకడకే అక్కడ వ్యవధి లేదు. బయట పాండి బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది.

బొమ్మక్క ఒట్టు పెట్టబోయి ఆగిపోయింది. అబద్ధమాడిన నోటి ఒట్టుకు విలువేముంది? అటూ ఇటూ చూసింది. గోడకు రోగుల పేర్లు రాసే నల్లబల్ల, దాని కింద సుద్దముక్క. తీసుకుని ఎర్రటి గచ్చు నేల మీద కూర్చుంది.

"ఏం చేస్తున్నారు?"

"నోటితో చెబితే నమ్మరు. గీస్తాను."

ఆ సీమలో ఆడవాళ్ళు పక్కింటి వాకిట్లో ముగ్గు చూస్తే పుస్తకంలో రాసుకోరు. నిలబడి చుక్కలు లెక్కపెట్టుకుంటారు, గీత ఏ చుక్క దగ్గర తిరిగింది, ఎక్కడ మడత పడిందని చూస్తారు. మర్నాడు పొద్దున అదే ముగ్గు తమ వాకిట్లో ఉంటుంది. బొమ్మక్క గళ్ళకు బదులు చుక్కలు పెట్టింది. వరస తప్పలేదు. మొదటి బొమ్మ గీసింది. అందులో గీత నిటారుగా లేచి, దిగి, అడ్డగీత కిందికి కుంగింది.

వెళ్ళిపోబోతున్న జోతిలక్ష్మి ఆగింది. "ఇక్కడ కిందికి పోయిందా?"

"పోయింది, రెండు గళ్ళు. దీన్ని చూసే భయపడినాను." బొమ్మక్క తలెత్తలేదు. రెండో బొమ్మలో గీత పైకి లేచింది. మూడోది ఇంకా పైకి, ఐదు చుక్కలు. నాలుగోదాంట్లో అంతా తలకిందులు. ఐదోదాంట్లో మళ్ళీ కుంగింది. ఆరోదాంట్లో మళ్ళీ లేచింది.

డాక్టరు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి నేల మీద గొంతుక్కూర్చుంది. గుండె కింది గోడకు దెబ్బ తగిలితే రెండు, మూడు, ఆరు బొమ్మల్లో గీత లేస్తుంది. అప్పుడే ఒకటి, ఐదు బొమ్మల్లో కుంగుతుంది. ఈ సంగతి బుర్రకెక్కించుకోవటానికి తనకు కాలేజీలో ఏడాది పట్టింది. మిరపచేలోంచి వచ్చిన ఈ మనిషికి ఎవరు నేర్పారు? అబద్ధం చెప్పేవాళ్ళు ఒక అంకె పుట్టించగలరు. పన్నెండు బొమ్మలు ఒకదానికొకటి సరిపోయేలా పుట్టించలేరు.

తొమ్మిదో బొమ్మ దగ్గర బొమ్మక్క కాసేపు ఆగి, ఒక వెడల్పాటి వికారమైన మెట్ట గీసి, తర్వాత కొంచెం ఖాళీ వదిలింది. "ఈడ ఒకటి పిచ్చిదాని మాదిరి వచ్చింది. దాని పక్కన కొంచం చోటుండింది. యానికో తెలీదు."

"నాకు తెలుసు" అంది జోతిలక్ష్మి. దెబ్బతిన్న గుండె నడుమ నడుమ అట్లా ఒకసారి తడబడి కొట్టుకుంటుంది, ఆ వెంటనే క్షణం ఆగుతుంది. "చాలమ్మా. ఇంక గీయక్కర్లేదు."

ఆమె కొత్త పట్టీని సుద్దగీతల పక్కన నేల మీద పరిచి, ఒక్కొక్క బొమ్మా పోల్చి చూసింది. మూడోదాంట్లో ఐదు గళ్ళ చోట ఒకటిన్నర. కుంగిన రెండూ దాదాపు అడ్డగీత దాకా లేచాయి. లేచి తలుపు దగ్గరికి పోయి, "పాండి, బండి ఆపెయ్. పేషెంటు ఇక్కడే ఉంటాడు" అని కేకేసింది.

తిరిగొచ్చి బొమ్మక్క ఎదురుగా నిలబడింది. "సగానికంటే ఎక్కువ దిగింది. ఇట్లా దిగినవాళ్ళలో ఎక్కువమంది బతుకుతారు. అందరూ అని చెప్పను, రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. కానీ మందు పని చేసింది." తర్వాత అడిగింది, "ఇంత బాగా గుర్తుండి, ముందు అట్లా ఎందుకు చెప్పారు?"

బొమ్మక్క చేతికంటిన సుద్ద తుడుచుకోలేదు. "దిగిందంటే పోయినాడనుకున్నాను డాక్టరమ్మా. ఆ మాట నా నోటితో చెప్పలేకపోయినాను."

జోతిలక్ష్మి ఆమె భుజం మీద చెయ్యి వేసి లోపలికి పోయింది. ఊడ్చటానికొచ్చిన ఆయమ్మను మాత్రం ఆ నేల జోలికి పోవద్దని చెప్పింది. కోవిల్‌పట్టి డాక్టరు ఫోను కలిసేదాకా అది అట్లాగే ఉండాలట.

సాయంత్రం నాలుగింటికి బొమ్మక్కను లోపలికి పోనిచ్చారు. బాలసుబ్రమణియన్ మత్తు వదిలి కళ్ళు తెరిచి ఉన్నాడు. రొమ్ము నిండా వైర్లు.

"ఏమే, గీత చూస్తారని కోవిల్‌పట్టిలో అంటుంటిరే. చూసినారా?"

"చూసినారు. దిగింది" అంది ఆమె సంబరంగా.

ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. తర్వాత ఆమె కంగారు పడకూడదన్నట్టు మెల్లగా అన్నాడు, "సరి. మన అమ్మాయి శివరంజనికి నువ్వే చెప్పు. ఎవరో పోయి చెబితే బిడ్డ తట్టుకోలేదు. కళ్ళంలో మిరపకాయలు ఎత్తించు, మంచు పడితే బూజు పడతాయి."

బొమ్మక్కకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఏడుపయింది. నర్సు చూస్తున్నా సరే, ముప్పయ్యేళ్ళ కాపురంలో నలుగురి ముందూ ఎప్పుడూ పట్టుకోని ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"లేదయ్యా, లేదు. దిగితేనే బతుకంట."

"దిగితే బతుకా? ఎవురు చెప్పినారు?"

"డాక్టరమ్మ."

"నీకు అర్తమయ్యిందా?"

"లేదు" అంది బొమ్మక్క. "నాకు ఇంకా అర్తం కాలే. దిగిందంటే పోయినావనే నేనూ అనుకుంటి. అట్ల అనుకోని అబద్దం చెప్పి, నిన్ను మదురై బండి ఎక్కించబోయినా. నేనే నిన్ను..."

మాట పూర్తి కాలేదు. బాలసుబ్రమణియన్ ఆమె ముఖంలోకి, తర్వాత ఆమె చేతుల్లోంచి తన వేళ్ళకంటిన సుద్ద వైపు చూశాడు. ఆయనకూ ఏమీ అర్థం కాలేదు.

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నువ్వు ఉండావు. అది మాత్రం అర్తమయ్యింది."

నర్సు వచ్చి నాడి చూడాలి, చెయ్యి వదలమంది. ఆయన నర్సు వైపు రెండో చెయ్యి చాచాడు.